గీజర్ వేడెక్కేటప్పుడు పక్క పైపులోంచి నీళ్లు కారుతున్నాయి, మూసేయొచ్చా? అసలు ఈ ప్రెషర్ ట్యాంకు ఎలా పనిచేస్తుంది?

మేడమీదగది:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఇల్లు మారాం. ఇక్కడ బాత్‌రూమ్ గోడకు తగిలించే చిన్న గీజర్ లేదు, ఇల్లంతటికీ కలిపి 150 లీటర్ల నిలువు ట్యాంకు ఒకటి ఉంది. కింద చన్నీళ్ల పైపు, పైన వేడినీళ్ల పైపు. చన్నీళ్ల పైపు మీద వరసగా రెండు మూడు ఇత్తడి వాల్వులు, వాటి పక్కన ఎర్ర రంగు గుండ్రటి చిన్న డబ్బా ఒకటి వేలాడుతోంది, అదెందుకో తెలీదు. ట్యాంకు పైభాగంలో ఇంకో వాల్వు ఉంది, దానికి ఎత్తే మీట కూడా ఉంది. ఆ వాల్వు పైపూ, కింది వాల్వుల్లో ఒకదాని పైపూ కలిసి ఒకే పైపుగా బయటికి వెళ్తున్నాయి.

సమస్య ఏంటంటే స్విచ్ వేసిన కాసేపటికే ఆ పైపు చివర నీళ్లు కారడం మొదలవుతుంది. ముందు బొట్టు బొట్టుగా, తర్వాత సన్నటి ధార. ట్యాంకు వేడెక్కి లైటు ఆరగానే ఆగిపోతుంది, రాత్రంతా ఒక్క చుక్క పడదు, మళ్లీ పొద్దున స్విచ్ వేస్తే మొదలు. ప్లంబర్‌ని పిలిస్తే వాల్వు పోయిందండీ, కొత్తది తెచ్చేదాకా పైపు చివర ఎండ్ క్యాప్ బిగించేద్దాం, ఏం కాదు అన్నాడు. మా ఆవిడ వద్దంది, ఆ పైపు ఊరికే పెట్టి ఉండరు కదా అని. నాకూ టెన్షన్‌గానే ఉంది. పాత ఇంట్లో గీజర్‌కి ఇలా ఎప్పుడూ కారలేదు. దాని నీళ్లు డాబా మీద ట్యాంకు నుంచి వచ్చేవి.

ఇంకో సందేహం. ఇందులో పంపు ఏమీ కనిపించడం లేదు. మరి షవర్‌లో అంత ఫోర్సుగా వేడినీళ్లు ఎలా వస్తున్నాయి? లోపల ప్రెషర్ ఎక్కించి పెడతారా?

చల్లగాలి:
బ్రదర్, క్యాప్ పెట్టేయండి, మా బంధువుల ఇంట్లో కూడా అలాగే పెట్టారు, ఏళ్లుగా ఏమీ కాలేదు. నీళ్లు వృథా పోవడం తప్ప ఆ పైపుతో పనేం ఉంది.

పానాపట్టు:
పైన చెప్పిన పని మాత్రం చెయ్యకండి. క్యాప్ కాదు, గుడ్డ ముక్క కూడా కుక్కొద్దు. మీ ఆవిడ చెప్పిందే నిజం. ఎందుకో తెలియాలంటే ముందు ట్యాంకు సంగతి తెలియాలి, కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట మీ రెండో సందేహం. ట్యాంకు తనంతట తాను ఏ ప్రెషర్నీ పుట్టించదు. అది ఎప్పుడూ అంచుల దాకా నీళ్లతో నిండే ఉంటుంది, మీరు వేడినీళ్లు వాడుతున్నప్పుడు కూడా. మీరు పైన కుళాయి తిప్పగానే కింద నుంచి చన్నీళ్లు లోపలికి తోసుకొస్తాయి, అవి ఎంత బలంగా తోస్తే పై నుంచి వేడినీళ్లు అంత బలంగా బయటికి పోతాయి. అంటే షవర్‌లో మీకు తగిలే ఫోర్సు మీ చన్నీళ్ల లైన్‌దే. నమ్మకం కుదరకపోతే చన్నీళ్ల వాల్వు కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పి చూడండి, లోపల 150 లీటర్లు ఉన్నా కొద్ది క్షణాల్లో ధార ఆగిపోతుంది. తోసేవాడు లేడు కాబట్టి.

పది మీటర్ల ఎత్తు నీళ్లు ఉంటే ఇంచుమించు ఒక బార్ ప్రెషర్. మీ పాత ఇంట్లో డాబా మీది ట్యాంకు గీజర్‌కి మూడు నాలుగు మీటర్ల పైన ఉండి ఉంటుంది, అంటే అర బార్ కూడా లేదు. ఇప్పుడు మీ లైన్ నేరుగా మెయిన్ నుంచో, ప్రెషర్ పంపు నుంచో వస్తోంది. ఇలాంటి ట్యాంకుకి మామూలుగా 3 బార్ దగ్గర పెడతారు. చన్నీళ్ల పైపు మీద మొదట కనిపించే వాల్వు, పైన మరతో ఉండేది, ప్రెషర్ తగ్గించే వాల్వు. లైన్లో అర్ధరాత్రి ప్రెషర్ ఎంత పెరిగినా ట్యాంకుకి మాత్రం అది పెట్టిన కొలతే వెళ్తుంది.

లోపల చన్నీళ్లు, వేడినీళ్లు కలిసిపోవా అని మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే ట్యాంకు పనంతా దీని మీదే ఉంది. వేడినీళ్లు తేలిక, అందుకని పైన తేలతాయి. చన్నీళ్లు అడుగునే నెమ్మదిగా పరుచుకునేలా లోపలి మూతి చేసి పెడతారు. రెండిటి మధ్యా పలచటి పొర ఒకటి ఏర్పడి, మీరు వాడుతున్న కొద్దీ పైకి జరుగుతూ వస్తుంది. ఆ పొర పై పైపు దాకా వచ్చేవరకు మీకు దాదాపు ఒకే వేడి అందుతుంది, వచ్చాక ఒక్కసారిగా చల్లబడిపోతుంది. అందుకే ఇలాంటి ట్యాంకులో వేడి మెల్లగా తగ్గదు, ఉన్నంతసేపూ ఉండి తెగిపోతుంది. మొదటి నుంచీ గోరువెచ్చగా వస్తుంటే లోపలి మూతి విరిగి చన్నీళ్లు పైదాకా చిమ్ముతున్నాయేమో చూడాలి.

ఇక అసలు విషయం. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల నుంచి 60కి తెస్తే నూటికి 1.4 వంతు పెరుగుతాయి. వినడానికి చిన్నదే, కానీ మీ 150 లీటర్లకి అది రెండు లీటర్ల పైమాట. ట్యాంకు ముందే నిండుగా ఉంది. పైన కుళాయిలన్నీ కట్టి ఉన్నాయి. కింద నాన్ రిటర్న్ వాల్వు ఉంది, అది వెనక్కి పోనివ్వదు. మరి ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోవాలి? నీళ్లని గాలిలాగా నొక్కి పెట్టలేం. దారి లేకపోతే, ట్యాంకు అస్సలు సాగదు అనుకుంటే, ఒక్క డిగ్రీ వేడికే ఐదారు బార్లు పెరుగుతుంది. రేకు కొంచెం సాగుతుంది కాబట్టి నిజంగా అంత రాదు, అయినా పగలగొట్టడానికి కావలసినంత కంటే చాలా ఎక్కువే వస్తుంది.

పాత ఇంట్లో ఎందుకు కారలేదో ఇప్పుడు తెలిసిపోతుంది. అక్కడ నాన్ రిటర్న్ వాల్వు లేకపోయి ఉంటుంది, ఉబ్బిన నీళ్లు వచ్చిన దారినే చన్నీళ్ల పైపులోకి జరిగి, డాబా మీది ట్యాంకులో మట్టం కాస్త పెరిగేది. పైన మూత తెరిచి ఉన్న ట్యాంకు కాబట్టి ప్రెషర్ పెరగదు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది.

ఆ రెండు లీటర్ల కోసమే మీ ఎర్ర డబ్బా. దాన్ని ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అంటారు. మధ్యలో రబ్బరు పొర ఉంటుంది, ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. ఉబ్బిన నీళ్లు రబ్బరుని నెట్టుకుంటూ వెళ్లి గాలిని నొక్కుతాయి. వేడినీళ్లు వాడగానే గాలి మళ్లీ వాటిని వెనక్కి నెడుతుంది. అది సరిగ్గా పనిచేస్తుంటే పైపులో ఒక్క చుక్క పడకూడదు. మీకు పడుతోంది, స్విచ్ వేసినప్పుడు మాత్రమే పడుతోంది. అంటే నాకు వాల్వు మీద కంటే ఆ డబ్బా మీదే అనుమానం. వాల్వు దాని పని అది చేస్తోంది.

ముందు రెండు పనులు చేసి చెప్పండి. స్విచ్ వేసేముందు పైపు కింద బకెట్ పెట్టి, లైటు ఆరాక ఎన్ని లీటర్లు పడ్డాయో కొలవండి, మధ్యలో ఎవరూ వేడినీళ్లు వాడకూడదు. రెండోది, కారుతున్నప్పుడు రెండు పైపులూ కలవకముందు ఏ పైపు తడిగా ఉందో, పడే నీళ్లు చల్లగా ఉన్నాయా సలసల కాగుతున్నాయా చూడండి. చెయ్యి నేరుగా ధార కింద పెట్టొద్దు.

చల్లగాలి:
సరే అండి, నాకు అంత తెలీదు. కానీ ఒక మాట. ఇదంతా ప్రెషర్ కుక్కర్ లాంటిదే కదా, అందులో కూడా వెయిట్ పోతే సేఫ్టీ ప్లగ్ ఊడుతుంది, ఆవిరి పోతుంది, అంతే. ఇళ్లు కూలిపోయేంత ఏముంది?

సగంఇంజనీర్:
కుక్కర్‌తో పోలిక ఇక్కడే తప్పుతుంది, రెండిటికీ చాలా తేడా ఉంది. కుక్కర్‌లో ఉండేది లీటరో రెండు లీటర్లో నీళ్లు, పైన ఖాళీ, అందులో ఆవిరి, వేడి 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇక్కడ 150 లీటర్లు, ఖాళీ అన్నదే లేదు.

ట్యాంకు చల్లటి నీళ్లతో నిండి ఉన్నప్పుడు ప్రెషర్ పెరిగి చీలిందనుకోండి, పెద్దగా ఏం కాదు. కొంచెం నీళ్లు బయటికి రాగానే ప్రెషర్ సున్నా అయిపోతుంది, ఇల్లు తడుస్తుంది, అంతే. ఫ్యాక్టరీల్లో ట్యాంకులని గాలితో కాకుండా నీళ్లతో నింపి పరీక్ష చేసేది అందుకే. భయపడాల్సింది వేడికి.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయన్నది మామూలు గాలి ప్రెషర్‌లో మాట. ట్యాంకులో 3 బార్ ఉంటే 143 డిగ్రీలు దాటేదాకా మరగవు, ద్రవంగానే ఉంటాయి. వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోయి కాయిల్ ఆగకుండా కాలుతూ నీళ్లని అంతదాకా తీసుకెళ్లిందనుకోండి. అప్పుడు ఎక్కడైనా అతుకు తెగితే లోపలి ప్రెషర్ ఒక్క క్షణంలో పడిపోతుంది, 143 డిగ్రీల నీళ్లు మామూలు ప్రెషర్‌లో నీళ్లుగా ఉండలేవు. అందులో నూటికి ఎనిమిది వంతులు అక్కడికక్కడే ఆవిరైపోతాయి. 150 లీటర్ల ట్యాంకులో అది 11 కిలోల చిల్లర. కిలో నీళ్లు ఆవిరైతే 1600 లీటర్లకు పైగా చోటు కావాలి. అంటే 18 వేల లీటర్ల ఆవిరి రెప్పపాటులో. ట్యాంకు అడుగు ఊడి రాకెట్‌లా పైకప్పు చీల్చుకుని వెళ్లేది ఇలాంటప్పుడే.

అందుకే వేడికి మూడు అడ్డుకట్టలు ఉంటాయి. మొదటిది థర్మోస్టాట్, మీరు పెట్టిన వేడి దగ్గర ఆపుతుంది. అది ఆపకపోతే 80, 85 డిగ్రీల మధ్య రెండో కటౌట్ కరెంటు తెంపుతుంది, అది తనంతట తాను మళ్లీ కలవదు, బటన్ నొక్కాలి. ఆ బటన్ ఒకసారి పడిందంటే నొక్కేసి ఊరుకోకూడదు, ఎందుకు పడిందో చూడాలి, లేకపోతే ఇంకోసారి పడుతుంది. అదీ పనిచేయకపోతే ట్యాంకు పైభాగంలో మీట ఉన్న ఆ వాల్వు. దానికి ప్రెషర్ ఒక్కటే కాదు వేడి కూడా తెలుస్తుంది, దాని లోపలి కడ్డీ ట్యాంకులో అన్నిటికంటే వేడిగా ఉండే పై నీళ్లలో మునిగి ఉంటుంది. 90 దాటాక, ఎన్ని డిగ్రీలన్నది వాల్వు మీదే రాసి ఉంటుంది, తెరుచుకుని వేడినీళ్లు బయటికి పంపేస్తుంది. పోయిన నీళ్ల చోట్లోకి కింద నుంచి చన్నీళ్లు వచ్చి ట్యాంకుని చల్లబరుస్తాయి. దానికి కరెంటు అక్కర్లేదు, ఎవరూ చూస్తుండక్కర్లేదు. మీ బంధువులు క్యాప్ పెట్టింది దీని నోటికి. ఏళ్లుగా ఏమీ కాలేదంటే మొదటి రెండూ ఇంకా పనిచేస్తున్నాయని అర్థం. వీలైతే ఈ రోజే తీయించండి, తీసేదాకా స్విచ్ వెయ్యకండి.

చల్లగాలి:
ఫోన్ చేసి చెప్పాను. రేపు తీయిస్తామన్నారు, అప్పటిదాకా పొయ్యి మీద కాచుకుంటారట.

మేడమీదగది:
పానాపట్టు గారూ, చెప్పినట్టే చేశాను. బకెట్లో రెండు లీటర్లు, కొద్దిగా పైనే పడ్డాయి. ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు వేస్తే లైటు ఆరడానికి రెండు గంటలు పట్టింది, కాయిల్ 3 కిలోవాట్లని రాసి ఉంది. తడిసేది కింది వాల్వు పైపు. పడే నీళ్లు చల్లగానే ఉన్నాయి, పై వాల్వు పైపు పొడిగా ఉంది. ఇది మంచిదా చెడ్డదా?

పానాపట్టు:
చాలా మంచిది. పై వాల్వులోంచి మరిగే నీళ్లు వస్తుంటే స్విచ్ ఆపేసి, ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా వేయొద్దని చెప్పేవాణ్ణి. చన్నీళ్లు పడుతున్నాయంటే ఇందులో వేడి గొడవ లేదు, ఉబ్బిన నీళ్ల గొడవే. ఆ కింది వాల్వు 6 బార్ దగ్గరో ఎంతో తెరుచుకునేలా పెట్టి ఉంటుంది, చన్నీళ్ల వైపే ఎందుకంటే కాచిన నీళ్లు పారబోయడం దేనికని. రెండు లీటర్ల పైన అన్నారు, లెక్కకి సరిగ్గా అంతే రావాలి. అంటే ఎర్ర డబ్బా దాదాపు ఏమీ తీసుకోవడం లేదు, ఉబ్బిందంతా ఇంచుమించు బయటికే పోతోంది.

డబ్బా పాడవడం రెండు రకాలు. ఒకటి, రబ్బరు చిరగడం. డబ్బాకి ఒక చివర సైకిల్ ట్యూబుకి ఉండే లాంటి గాలి వాల్వు ఉంటుంది, ప్లాస్టిక్ మూత తీసి లోపలి పుల్లని గోటితో ఒక్క క్షణం నొక్కండి. గాలికి బదులు నీళ్లు చిమ్మితే రబ్బరు పోయినట్టే, డబ్బా మార్చాలి. రెండోది, రబ్బరు బాగానే ఉండి గాలి మెల్లగా దిగిపోవడం, ఇదే ఎక్కువగా జరుగుతుంది. డబ్బా 8 లీటర్లదనుకుందాం. గాలి పూర్తిగా దిగిపోయి మామూలు గాలి మాత్రమే ఉంటే, 3 బార్ చన్నీళ్లు తగలగానే ఆ గాలి నలిగి రెండు లీటర్లకు వచ్చేస్తుంది, మిగతా ఆరు లీటర్ల చోటూ చన్నీళ్లే ఆక్రమించేస్తాయి. ఇంకా వేడెక్కకముందే డబ్బా ముప్పావు వంతు నిండిపోయిందన్నమాట, ఇక ఉబ్బిన రెండు లీటర్లూ పట్టే చోటెక్కడిది? అదే డబ్బాలో ముందే 3 బార్ గాలి ఉంటే చల్లగా ఉన్నప్పుడు అందులోకి నీళ్లే పోవు, ఎనిమిది లీటర్లూ ఖాళీ, రెండు లీటర్లు లోపలికి వెళ్తే ప్రెషర్ 3 నుంచి నాలుగున్నర దాకా పెరిగి ఊరుకుంటుంది, 6 దాకా వెళ్లదు, వాల్వు కదలదు.

గాలి కొట్టడానికి సైకిల్ పంపు, టైరు గేజి చాలు. కానీ ట్యాంకులో ప్రెషర్ ఉండగా గేజి పెడితే అది నీళ్ల ప్రెషర్నే చూపిస్తుంది, గాలి బాగానే ఉందని మోసపోతాం. అందుకని ముందు కరెంటు ఆపండి, మెయిన్ స్విచ్ దగ్గరే. చన్నీళ్ల వాల్వు కట్టేయండి. ఒక వేడినీళ్ల కుళాయి తిప్పి ధార ఆగేదాకా వదిలి, దాన్ని అలాగే తెరిచి ఉంచండి. ఇప్పుడు గేజి పెడితే నిజం తెలుస్తుంది. ప్రెషర్ తగ్గించే వాల్వు ఎంతకి పెట్టి ఉందో అంత గాలి కొట్టండి, 3 అయితే 3. తర్వాత చన్నీళ్లు వదిలి, తెరిచిన కుళాయిలో గాలి చప్పుళ్లు ఆగి ధార నిలకడగా వచ్చాకే కుళాయి కట్టి స్విచ్ వేయండి. కాయిల్ నీళ్లలో మునగకుండా వేస్తే నిమిషాల్లో మాడిపోతుంది.

కొన్ని మోడళ్లలో డబ్బా ఉండదు, ట్యాంకు లోపలే పైన గాలి బుడగ వదిలేస్తారు. ఆ గాలి నీళ్లలో కరిగిపోతూ ఉంటుంది, అప్పుడప్పుడు ట్యాంకు కొంత ఖాళీ చేసి మళ్లీ గాలి నింపాలి. మీది ఆ రకం కాదులెండి.

వేడినీళ్లుచాలు:
మధ్యలో దూరుతున్నా. మా ఇంట్లో కూడా ఇలాంటిదే. కరెంటు కలిసొస్తుందని నేను 45 దగ్గర పెట్టాను, ఉబ్బడం కూడా తగ్గుతుంది కదా. అందరూ 60 పెట్టమంటారు ఎందుకు?

సగంఇంజనీర్:
45 వద్దండీ. లీజియొనెల్లా అని ఒక బ్యాక్టీరియా ఉంది, 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీళ్లలో హాయిగా పెరుగుతుంది. తాగితే కాదు, షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది. 60 దగ్గర అది నిమిషాల్లో చచ్చిపోతుంది. రోజూ ఖాళీ అయ్యే చిన్న గీజర్ వేరు, వందల లీటర్లు రోజుల తరబడి నిలిచే ట్యాంకు వేరు.

పైగా 45 పెడితే మీకే తక్కువ నీళ్లు. స్నానానికి 40 డిగ్రీలు కావాలి, చన్నీళ్లు 25 అనుకోండి. 60 డిగ్రీల 150 లీటర్లలో చన్నీళ్లు కలుపుకుంటే 350 లీటర్ల స్నానపు నీళ్లు అవుతాయి, 45 డిగ్రీల 150 లీటర్లతో 200 మాత్రమే. ట్యాంకు గోడల నుంచి పోయే వేడి 60లో కొంత ఎక్కువ, అది నిజమే, మంచి ఫోమ్ ఉన్న ట్యాంకులో ఆ తేడా కంటే రక్షణ ముఖ్యం.

పానాపట్టు:
ఆ మాట ఒప్పుకుంటాను గానీ 60 అని చెప్పి వదిలేయకండి. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో పెద్దవాళ్ల చర్మాన్నే కాల్చేస్తాయి, పిల్లలకీ ముసలివాళ్లకీ ఇంకా త్వరగా. ట్యాంకులో 60 ఉంచి, బయటికి వచ్చే పైపు మీద వేడి కలిపే మిక్సింగ్ వాల్వు పెట్టించాలి, అది చన్నీళ్లు కలిపి 50కి లోపు పంపిస్తుంది. ఆ చన్నీళ్ల లైను కూడా ప్రెషర్ తగ్గించే వాల్వు దాటాకే తీసుకోవాలి, లేకపోతే చన్నీళ్లది పైచెయ్యి అయిపోయి షవర్‌లో వేడి నిలవదు, ఎవరైనా పక్కన కుళాయి తిప్పగానే ఒకసారి కాలుతుంది, ఒకసారి వణికిస్తుంది. ఇలాంటి ఫిర్యాదుతో నన్ను పిలిచే ఇళ్లలో ఎక్కువసార్లు కనిపించేది ఇదే.

మేడమీదగది:
అప్‌డేట్. గాలి వాల్వు పుల్ల నొక్కితే నీళ్లు రాలేదు, సన్నగా తుస్సుమంది. కుళాయి తెరిచి గేజి పెడితే ముల్లు సున్నా దగ్గరే కూర్చుంది. పంపుతో 3 బార్ దాకా కొట్టాను, చేతులు పడిపోయాయి. ఇప్పుడు స్విచ్ వేసి గంటన్నర అయింది, బకెట్ అడుగు పొడిగా ఉంది. ప్లంబర్‌కి ఫోన్ చేసి వాల్వు తేవద్దని చెప్పాను, ఆయన కూడా ఎలా చేశారని అడిగాడు.

ఇంకేమైనా చూసుకోవాలా? ట్యాంకులోంచి అప్పుడప్పుడు చిటపట శబ్దం వస్తోంది, ఇప్పుడు దగ్గర కూర్చున్నాను కాబట్టి వినిపించింది.

పానాపట్టు:
బాగుంది. గాలి ఏడాదికోసారి చూసుకోండి. ఒక నెలలోనే మళ్లీ దిగిపోతే రబ్బరో, గాలి వాల్వో వదులైందని, అప్పుడు డబ్బా మార్చేయండి, అతుకులు వేయొద్దు.

చిటపట అంటే కాయిల్ మీద సున్నం పట్టింది. సున్నం ఎక్కువున్న నీళ్లైతే తప్పదు. పొర కింద నీళ్లు చిక్కుకుని మరిగినప్పుడు ఆ శబ్దం. సున్నం పట్టాక కాయిల్ నుంచి నీళ్లకి వేడి సరిగ్గా అందదు, కాయిల్ లోపలే కాలి పోతుంది. విప్పించి గీకించండి, అప్పుడే యానోడ్ కూడా చూడమనండి. స్టీలు రేకు మీద గాజు పూత వేసిన ట్యాంకైతే లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంటుంది, అదే యానోడ్, తుప్పు రేకుని తినకుండా ముందు దాన్ని తింటుంది. కడ్డీ కరిగిపోయి లోపలి సన్నటి తీగ బయటపడితే మార్చే సమయం దాటిపోతున్నట్టు. స్టెయిన్‌లెస్ ట్యాంకుకి చాలావరకు ఆ కడ్డీ ఉండదు, ట్యాంకు మీద రాసింది చదివి చూసుకోండి.

పై వాల్వు మీట ఆరు నెలలకోసారి ఒక్క క్షణం ఎత్తి వదలండి, నీళ్లు బుస్సున వచ్చి టక్కున ఆగాలి. ఏళ్ల తరబడి కదపని వాల్వైతే ఎత్తాక నలక అడ్డుపడి సరిగ్గా మూసుకోకపోవచ్చు, అందుకని మొదటిసారి కొత్త వాల్వు చేతిలో ఉన్న రోజే ఎత్తండి, అదీ కరెంటు ఆపి, పైపు చివర ఎవరూ నిలబడకుండా చూసుకుని.

వేడినీళ్లుచాలు:
నేను 60కి మార్చాను. మిక్సింగ్ వాల్వు రేపు పెట్టిస్తున్నా. ఈలోగా మా చిన్నదాన్ని కుళాయి దగ్గరికి రానివ్వడం లేదు. పానాపట్టు గారూ, మాకు ఎర్ర డబ్బా లేదు, నాన్ రిటర్న్ వాల్వు ఉంది, వేడెక్కేటప్పుడు కొద్దిగా కారుతుంది. అది మామూలేనా?

పానాపట్టు:
డబ్బా లేకుండా నాన్ రిటర్న్ ఉంటే కారాల్సిందే, కారకపోతేనే భయపడాలి. వృథా వద్దనుకుంటే డబ్బా పెట్టించండి, అది కూర్చోవాల్సింది నాన్ రిటర్న్ వాల్వుకీ ట్యాంకుకీ మధ్య, మధ్యలో ఇంకే వాల్వూ ఉండకూడదు. పెట్టేవాళ్లకి ఈ మాట ముందే చెప్పండి, నాన్ రిటర్న్‌కి అవతల పెట్టిపోయినవి కూడా చూశాను, అవి అలంకారానికే.